పేపరాయన సీటు

బి.ఏ. రెండో సంవత్సరంలో నాకు మూడు ఉద్యోగాలు దొరికాయి. మొదటి రెండూ కలిపి తొమ్మిది రోజులు చేశాను. మూడోది ఒక సీటు ఖాళీగా ఉంచడం.

అది అరవై ఏడో సంవత్సరం. మా నాన్న రేపల్లెలో ఒక రైసుమిల్లులో కాటా గుమాస్తా. బస్తాలు తూచే కాటా పక్కన ఒక ఎత్తు పీట ఉండేది. ఇరవై ఏళ్ళుగా ఆయన దాని మీదే కూర్చున్నాడు. దాని పక్కనే నాకూ ఒక పీట వేయిస్తానని మిల్లు యజమాని మాటిచ్చాడు. నాన్న నన్ను కోప్పడలేదు. "ఈ ఏడు నీ పుస్తకాలూ, రైలు సీజను టికెట్టూ నువ్వు చూసుకోగలిగితే చదువుకో. లేకపోతే పీట ఉంది" అన్నాడంతే. కోపంగా అని ఉంటే నేనూ ఎదురు మాట్లాడి మర్చిపోయేవాణ్ణి. నెమ్మదిగా అనడంతో ఆ పీట నా లోపలికి వచ్చేసింది. తెనాలి కాలేజీలో బెంచీ మీద కూర్చున్నా, రైల్లో కూర్చున్నా, నా కింద ఉన్నది పీట కాదు కదా అని ఒకసారి తడిమి చూసుకునేవాణ్ణి.

మొదటి ఉద్యోగం తెనాలిలో ఒక సినిమా హాలు గేటు దగ్గర, శని ఆదివారాలు మ్యాట్నీకి టికెట్లు చింపడం. చీకట్లోకి వెళ్ళబోయే ముందు మనుషుల మొహాలు ఎలా మారతాయో చూస్తూ చింపడం మర్చిపోయాను. చింపని టికెట్లతో వాళ్ళే మర్నాడు మళ్ళీ వచ్చారు. రెండోది బాపట్లలో, సెలవుల్లో, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. ఒక శుభలేఖలో పెళ్ళికి పెద్దలందరి అంగీకారమూ ఉంది. మరి పెళ్ళికూతురి అంగీకారం మాటేమిటని మార్జిన్లో రాశాను, నాకోసమే. కంపోజిటరు శ్రద్ధగా దాన్ని కూడా అచ్చులో కూర్చాడు. మూడు వందల కార్డులు పడ్డాక గానీ ఎవరూ చూడలేదు.

మూడో ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

సాయంత్రం అయిదూ నలభైకి తెనాలిలో బయల్దేరే రేపల్లె ప్యాసింజర్లో, ఇంజను నుంచి మూడో పెట్టెలో, రెండో కిటికీ పక్కన ఒక పేపరు కూర్చునేది. రెండు చేతులా బారుగా తెరిచి పట్టుకున్న దినపత్రిక, దాని కింద తెల్లటి పంచె, ఆ కింద నల్ల చెప్పులు. మనిషిలో అంతకన్నా కనిపించేది కాదు. తెనాలిలో తెరిచిన పేపరు రేపల్లెలో పెట్టె మొత్తం ఖాళీ అయ్యాకే మడిచేవారు. ఎవరితో మాట్లాడిందీ లేదు. అందరూ ఆయన్ని పేపరాయన అనేవాళ్ళు.

జూన్ నెలాఖరున ఒక రోజు, రేపల్లెలో జనమంతా దిగిపోయాక, పేపరు కిందికి దిగింది. దాని వెనక అంత మామూలు మొహం ఉంటుందని నేననుకోలేదు.

"ఏం అబ్బాయ్, రోజూ ఎదురుగా కూర్చుని నా చెప్పులు చూస్తావేంటి?" అన్నారు.

"మొహం కనపడదు కదండి."

ఆ జవాబు ఆయనకి నచ్చినట్టుంది. పేరు వెంకటప్పయ్య అనీ, తెనాలిలో హెడ్ గుమాస్తాగా చేసి ఆ రోజే రిటైరయ్యాననీ చెప్పారు. నా పేరూ, చదువూ, చేతిలో ఉన్న పుస్తకమూ, నాన్నా, పీటా అన్నీ అడిగి తెలుసుకున్నారు. చివరికి సీటు అంచు చేత్తో రాస్తూ, "నేను రిటైరయ్యాను కాశీ, ఇది కాలేదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఆఫీసులో నా కుర్చీలో రేపట్నుంచి ఇంకొకడు కూర్చుంటాడు. అది గవర్నమెంటు కుర్చీ, నేనేం చేయలేను. ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. రేపు సాయంత్రం ఎవడో చుట్ట కాలుస్తూ ఇందులో కూర్చుంటాడనుకుంటే నాకు అన్నం సహించేట్టు లేదు. నువ్వెలాగూ ఈ బండికే వస్తావుగా. దీని మీద తువ్వాలు వేసి ఉంచు. నెలకి పదిహేను రూపాయలిస్తాను."

"మీరు ఎక్కడ ఎక్కుతారండి?"

"నేనెక్కడా ఎక్కను."

"ఎన్నాళ్ళు ఉంచాలండి?"

"నాకు సహించేదాకా. ఒక్కటే షరతు. రోజూ బండి వచ్చే వేళకి ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి చూస్తాను. ఒక్కరోజు ఎవరు కూర్చుని కనపడినా ఆ రోజుతో సరి."

అప్పట్లో నేను లైబ్రరీ నుంచి మనస్తత్వశాస్త్రం పుస్తకం ఒకటి తెచ్చుకుని ఎవరు దొరికితే వాళ్ళని అందులో వెతుకుతుండేవాణ్ణి. ఆ రాత్రి వెంకటప్పయ్యగారిని వెతికాను. అలవాటు గురించి ఇరవై రెండు పేజీలున్నాయి. ఖాళీ సీటు గురించి ఒక్క వాక్యమూ లేదు. పదిహేను రూపాయలు మాత్రం నా సీజను టికెట్టుకీ పుస్తకాలకీ సరిపోతాయి. పీట ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది.

పని తేలికే అనిపించింది. బండి నాలుగున్నరకే ప్లాట్‌ఫారం మీదికొచ్చి నిలబడేది. కాలేజీ వదలగానే వెళ్ళి తువ్వాలు పరిచి ఎదురుగా కూర్చునేవాణ్ణి. మా లైన్లో తువ్వాలు వేసిన సీటంటే రిజిస్ట్రీ అయిన పొలంలాంటిది. తగువులాడేవాళ్ళు కూడా మనిషి కూర్చుని ఉంటే తోస్తారు గానీ, తువ్వాల్ని ముట్టుకోరు. చిక్కల్లా బండి కదిలాక. అప్పటికీ మనిషి రాకపోతే తువ్వాలు బలం తగ్గుతుంది.

"ఆయన చినరావూరులో ఎక్కుతారండి" అనేవాణ్ణి. చినరావూరు దాటాక "జంపనిలో". జంపని అయ్యాక "వేమూరులో". ఇలా ఒక్కో స్టేషనూ అప్పు తెచ్చుకుంటూ, స్టేషన్లు అయిపోయేసరికి రేపల్లె చేరేవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద వెంకటప్పయ్యగారు కిటికీలోంచి చూసి, తల ఊపి, ఇంటికి వెళ్ళిపోయేవారు. చేతిలో పేపరు లేదు కాబట్టి దిగేవాళ్ళలో ఒక్కరూ ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళు కాదు.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం రత్తాలు నన్ను పట్టుకుంది.

రత్తాలు తెల్లారకముందే రేపల్లెలో చేపల బుట్టతో బండెక్కి, తెనాలి మార్కెట్లో అమ్ముకుని, సాయంత్రం ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది. బుట్ట ఖాళీ అయినా వాసన ఖాళీ అయ్యేది కాదు. అందుకని తనే సీటు అడక్కుండా బల్లల మధ్య కింద కూర్చునేది. ఆ రోజు మోకాళ్ళు పట్టుకుని సరాసరి నా దగ్గరికొచ్చింది.

"తమ్ముడూ, ఆ తువ్వాలు తియ్యి. కాసేపు కూచుంటా."

"మనిషున్నారక్కా. జంపనిలో ఎక్కుతారు."

"నిన్న కూడా జంపనే అన్నావు. మొన్న భట్టిప్రోలు. మీ మనిషి ఎక్కడికక్కడ బండి తప్పిపోతున్నాడా ఏంటి?"

పక్కన వేమూరు బసవపున్నయ్య నవ్వాడు. తెనాలిలో ఎరువుల కొట్టు నడిపి రోజూ ఇంటికెళ్ళే మనిషి. "నేనూ చూస్తున్నానోయ్ ఇరవై రోజుల్నించి. ఆ తువ్వాలుకి టికెట్టుందా?" అన్నాడు.

"సీజను టికెట్టే అయ్యుంటది" అంది రత్తాలు. "నాకూ ఉంది. లేపు దాన్ని."

తువ్వాలు అంచు పట్టుకుంది. ఆ క్షణంలో నా లోపల పీట కిర్రుమంది. "వద్దక్కా, అది పేపరాయన సీటు. ఆయన పోయారు" అన్నాను.

రత్తాలు చెయ్యి తీసేసింది. నాకు నేనే కొత్తగా కనిపించాను. అంతకుముందు నిమిషం దాకా ఆ అబద్ధం నా దగ్గర లేదు.

"అయ్యో. ఎప్పుడు?" అంది.

"మొన్న సోమవారం."

"ఎట్టా?"

"నిద్రలోనే."

"నువ్వు ఆయనకేమవుతావ్ తమ్ముడూ?"

"ఏమీ కానక్కా. ఆయన పోయేముందు ఈ సీటు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచమన్నారు."

ఇందులో సగం నిజమే. అందుకే చెప్తున్నప్పుడు గొంతు వణికింది. ఆ వణుకు చూసి నమ్మనివాళ్ళు కూడా నమ్మారు. తర్వాత లేచి నా సీటు రత్తాలుకి ఇచ్చి, రేపల్లె దాకా నిలబడ్డాను. ఆ ఆలోచన ముందే వచ్చి ఉంటే అబద్ధంతో పనే లేదు. కానీ మనసు ముందు అబద్ధాన్ని పంపిస్తుంది, దారి బాగుందని తెలిశాక వెనకాలే మంచితనాన్ని పంపిస్తుంది. ఇది పుస్తకంలో లేదు. మార్జిన్లో రాసుకున్నాను.

దిగేముందు రత్తాలు జడలోంచి చిన్న మరువం రెమ్మ తుంచి తువ్వాలు మీద పెట్టింది.

మర్నాడు ఎవరో బంతిపూలు తెచ్చారు. ఆ మర్నాడు కిటికీ చువ్వకి అగరుబత్తి గుచ్చారు. నిప్పు రాలి నా తువ్వాలుకి చిల్లుపడింది. చుట్టల వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అవతలి వైపుకి వెళ్ళిపోయారు. బసవపున్నయ్య ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"మహానుభావుడు. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కాలు చాపి కూర్చోలేదు."

"వానాకాలం కిటికీ మూసేవారు. మనం తడుస్తామనే" అంది రత్తాలు.

ఫొటో ఒకటి కట్టిస్తే బాగుంటుందని మాట వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆయన మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదని. బసవపున్నయ్య గుబురు మీసాలన్నాడు. రత్తాలు అసలు మీసాలే లేవంది, పచ్చని ఛాయ అంది. కాసేపు గట్టిగానే వాదించుకుని, ఫొటో మానేసి, ఒక పేపరు తెరిచి సీటు వీపుకి ఆనించి నిలబెట్టారు. అందరికీ అది అచ్చం ఆయనలాగే అనిపించింది. నాకూ అనిపించింది.

"వాళ్ళింటికి వెళ్ళి పలకరించొద్దామా?" అన్నాడు బసవపున్నయ్య.

"ఇల్లు ఖాళీ చేసి బాపట్ల వెళ్ళిపోయారండి" అన్నాను. ఆలస్యం లేకుండా వచ్చింది మాట. ప్రెస్సులో ఇంత చురుగ్గా ఉండి ఉంటే నాకు ఉద్యోగం ఉండేది.

రేపల్లెలో వెంకటప్పయ్యగారు కిటికీలోంచి చూసి కళ్ళు చికిలించారు. "పూలేంటి?"

"ఎవరో కొనుక్కెళ్తూ పడేసుకున్నారండి."

"తియ్యకు. బాగున్నాయి. పేపరు కూడా పెట్టావే?" నా భుజం తట్టారు. "చేసే పనిలో శ్రద్ధ ఉండాలి. నీకుంది."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

రత్తాలు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. "సోమారం పోతే, వచ్చే గురువారం పదకొండో రోజు. పెద్దకర్మ. వాళ్ళవాళ్ళు బాపట్లలో చేసుకుంటారు. మరి మనమో? వాళ్ళకన్నా మనతోనే ఎక్కువ కూచున్నాడాయన."

ఎవరూ కాదనలేదు. బసవపున్నయ్య వాళ్ళావిడ శివపార్వతి చేత గారెలు చేయించి తెస్తానన్నాడు. ఆ గురువారం దాటితే చాలనుకున్నాను నేను. పెద్దకర్మ అయితే మనుషులు మర్చిపోతారు. మాసిన తువ్వాలు ఉతుక్కుని మళ్ళీ స్టేషన్లు అప్పు తెచ్చుకోవచ్చు.

గురువారం గార్డు ఈల వేశాక ఒక పెద్దాయన తెల్ల పంచె ఎగ్గట్టి ఆయాసపడుతూ పెట్టెలోకి ఎక్కారు. చంకలో కాగితాల కట్ట. వెంకటప్పయ్యగారు.

ఆయన్ని ఒక్కరూ గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టి లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూసి చిన్నగా నవ్వి, "పెన్షను కాగితాల పని మీద వచ్చాను" అంటూ తన సీటు వైపు తిరిగారు. సీటు నిండా బంతిపూల దండ. పేపరు మీద పసుపూ కుంకుమా. రెండు అగరుబత్తులు. పంచె సర్దుకోబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అక్కడ కాదు బాబాయ్, ఇటు రండి" అంది రత్తాలు. "జరగండయ్యా, పెద్దాయన నిలబడ్డారు." ఎదురు బల్ల మీద తన పక్కనే చోటు చేసింది. ఆయన కూర్చున్నారు. నేను మళ్ళీ నిలబడే ఉన్నాను. కూర్చునే ధైర్యం లేదు.

బసవపున్నయ్య క్యారియరు విప్పాడు. "మొదట మీరు తీసుకోవాలండి. పెద్దవారు" అని గారె చేతిలో పెట్టాడు.

"ఏంటి విశేషం?"

"ఇవాళ పెద్దకర్మండి."

"ఎవరిది?"

"ఆ సీట్లో ఒకాయన కూర్చునేవారు. పేపరాయన" అన్నాడు బసవపున్నయ్య. "పోయారు."

వెంకటప్పయ్యగారు నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. చినరావూరు వచ్చి వెళ్ళిపోయింది.

"ఎలా పోయారు?" అన్నారు చివరికి. నన్నే అడిగారు.

రత్తాలు అందుకుంది. "సోమారం నాడు, నిద్దట్లోనే అంట బాబాయ్. నొప్పి కూడా తెలీలేదంట."

"అదీ మంచిదే" అని ఆయన గారె కొరికారు. నమిలారు. "మంచివాడేనా?"

"ఎంతమాట. ఇన్నేళ్ళలో ఎవరితోనూ ఒక్క మాట పడలేదండి" అన్నాడు బసవపున్నయ్య.

"ఎవరితోనన్నా మాట్లాడితే కదా, పడేది."

"మీరు ఆయన్ని చూడలేదు కాబట్టి అంటున్నారు" అన్నాడు బసవపున్నయ్య, కొంచెం నొచ్చుకుని. "మర్యాద గల మనిషి."

"నన్నడుగు బాబాయ్ చెప్తా" అంది రత్తాలు. "నేను ఎక్కితే చాలు, ఈ పెట్టెలో పంచెల వాళ్ళంతా ముక్కు మూసుకునేవాళ్ళు. ఇదుగో, ఈ బసవపున్నయ్యగారు కూడా."

"నాకు జలుబు రత్తాలూ."

"ఇరవై ఏళ్ళ జలుబు. ఆయనొక్కడు మాత్రం ఏ రోజూ ముక్కు మీద చెయ్యి పెట్టుకోలా. బుట్ట ఆయన చెప్పుల పక్కనే ఉండేది. తన పేపరేదో తను చదువుకునేవాడు. చాపా మనిషీ అని తేడా చూడని మనిషి. మా ఇంట్లో కూడా చెప్పా, అట్టాంటోడు ఒకడున్నాడని."

వెంకటప్పయ్యగారు నమలడం ఆపారు. సగం గారె చేతిలోనే ఉంది. జంపని, వేమూరు, పెనుమర్రు దాటిపోయాయి. ఆయన దాన్ని తినలేదు, కింద పెట్టలేదు. ఎదురుగా నిలబెట్టిన పేపరునే చూస్తున్నారు. నేను మాత్రం మిల్లులో నా పీట ఎంత ఎత్తుండాలో అంచనా వేసుకుంటున్నాను.

రేపల్లెలో అందరూ దిగాక ఆయన ఎప్పట్లాగే చివర్న దిగారు. వెనకాల నేను. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, నీళ్ళ కుళాయి దగ్గర ఆగారు.

"సోమవారమే ఎందుకు చంపావు?"

"ఆలోచించలేదండి. ఆవిడ తువ్వాలు పట్టుకుంది. మీ షరతు గుర్తొచ్చింది. రేపట్నుంచి రానులెండి. పదిహేను రూపాయలూ వద్దు."

ఆయన వినలేదనుకుంటాను. "నేను ఆ పేపరు ఎందుకు పట్టుకునేవాణ్ణో తెలుసా?"

"చదవడానికి."

"చదవడం పొద్దున్నే అయిపోయేది." కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నారు. కడిగిన చేతులు వాసన చూసుకున్నారు. "సాయంత్రం ఆ బుట్ట వాసన పడక పట్టుకునేవాణ్ణి. చెయ్యి పెట్టుకుంటే బాగుండదని. పేపరుకి అచ్చు వాసనుంటుంది కదా."

కుళాయి కట్టేసి నా వైపు తిరిగారు.

"నీ పుస్తకంలో దీని గురించేమన్నా ఉందా?"

"లేదండి."

"ఉండదు." స్టేషను బయటికి నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగారు. "రేపట్నుంచి రెండు సీట్లు ఆపు."

"రెండోది ఎవరికండి?"

"నాకు. మొదటిదాంట్లో ఆయనున్నాడుగా. ఇంట్లో మా ఆవిడ వసుంధరకి పెన్షను కాగితాలు ఇంకా చాలా ఉన్నాయని చెప్తాను. రెండోదానికి వేరే పదిహేను." ఇంకో అడుగు వేశారు. "తువ్వాలు కొత్తది కొనుక్కో. దానికి చిల్లు పడింది."

ఇంటికెళ్ళి నాన్నకి ఉద్యోగం పెరిగిందని చెప్పాను. ఏం పని అని అడిగాడు. సీట్లు ఆపడం అన్నాను. అన్నం కలుపుతూ, "దానికి బి.ఏ. ఎంతవరకు కావాలి?" అన్నాడు. పూర్తిగా కావాలన్నాను. పీట మాట ఇక ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం వెంకటప్పయ్యగారు ముందే వచ్చారు. చేతిలో ఏమీ లేదు. తన సీటుకి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి పేపరు పట్టుకున్న చేతులు కదా, వేళ్ళు ఊరికే విచ్చుకుంటున్నాయి. బండి కదిలే ముందు రత్తాలు ఎక్కింది. ఆయన్ని గుర్తుపట్టి, "మళ్ళీ వచ్చారా బాబాయ్" అంటూ ఆయన చెప్పుల పక్కన బుట్ట దించింది.

"ఇక్కడ పెడితే ఇబ్బందా?"

"లేదమ్మా" అన్నారు. ఆ మాటకి సరిపోయే గాలి మాత్రమే బయటికి వదిలారు. కుడిచెయ్యి మోకాలి మీంచి లేచింది, మెడ దాకా వచ్చింది, అక్కడ చెవి గోక్కుని కిందికి వెళ్ళిపోయింది.

రత్తాలు నిన్న ఆపిన చోటు నుంచి పేపరాయన గురించి మొదలుపెట్టింది. ఆయన తల ఊపుతూ, మొహం ఎర్రబడుతూ, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా వింటున్నారు. ఆయన అంతగా కదిలిపోయారని రత్తాలు అనుకుంది. చినరావూరు దాటింది. ఎదురుగా ఖాళీ సీట్లో పేపరు గాలికి రెపరెపలాడింది.

జంపని వచ్చాక వెంకటప్పయ్యగారు ఊపిరి పీల్చారు.